స్టీరింగ్ తిప్పితే బండి మూలుగుతోందా? పంపు మార్చే ముందు ఇవి చూడండి

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, మొయినాబాద్ మండలం ఎంకపల్లిలో, మా కాక వాళ్ళ ఇంటి ముందర నిలబడి చేస్తున్నాం. వెనకాల కోళ్ళ చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. మీరు వినాల్సిన చప్పుడు వేరే ఉంది. ఒక్కసారి చెవి పెట్టండి.

(ఇంజన్ స్టార్ట్ అయిన శబ్దం. స్టీరింగ్ తిప్పుతుంటే "ఊఁ...ఊఁ..." అని మూలుగు.)

విన్నారు కదా? ఇది మా కాక బండి. ఏడు సీట్ల డీజిల్ వ్యాన్, పన్నెండేళ్ళ పాతది. ఏ కంపెనీదో చెప్పను. ఎందుకంటే ఈ జబ్బు ఏ కంపెనీ బండికైనా వస్తుంది, వయసు మీద పడితే చాలు. తెల్లారుజామున వెనక సీట్లు మడిచేసి, చుట్టుపక్కల రైతుల దగ్గర పూల మూటలు ఎక్కించుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోతాడు. పొద్దెక్కినాక అదే బండిలో జనాన్ని ఎక్కించుకుని చిలుకూరు బాలాజీ గుడికి ట్రిప్పులు కొడతాడు. ఇంట్లో అందరి తిండీ ఈ బండి మీదే.

మూడు వారాల కింద ఈ మూలుగు మొదలైంది. కాక ఒక మెకానిక్ దగ్గరికి పోయిండు. ఆయన బానెట్ ఎత్తి, ఒక్క నిమిషం చూసి, "పంపు పోయిందన్నా. పంపుతో పాటు ర్యాక్ కూడా చూడాలె. 18 వేలు అయితది" అన్నాడట. కాక నాకు ఫోన్ చేసి, "ఏందిరా, బండి ముసలోని లెక్క మూలుగుతుంది, 18 వేలు యాడికెళ్ళి తేవాలె?" అన్నాడు. నేను ఒకటే అడిగాను: "కాకా, శబ్దం ఎప్పుడొస్తుంది?" కాక దగ్గర సమాధానం లేదు. మెకానిక్ కూడా ఆ ప్రశ్న అడగలేదు.

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే. శబ్దం ఎలా ఉందన్నది తర్వాత. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు? ఈ రెండూ తెలిస్తే సగం రోగం బయటపడ్డట్టే. మిగతా సగం పైసా ఖర్చు లేకుండా కళ్ళతో చూసేదే.

ముందు మీ బండిలో ఏ స్టీరింగ్ ఉంది?

మారుతి ఓమ్నీ ఉన్నవాళ్ళు ఈ ఎపిసోడ్ వదిలేయొచ్చు. 1984లో వచ్చి 2019 దాకా తయారైన ఆ వ్యాన్‌లో పవర్ స్టీరింగే లేదు, అంతా చేతి బలమే. కొత్త కార్లలో ఎక్కువ వాటికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉంటుంది. అందులో మోటారు, సెన్సార్లు తప్ప ఆయిల్ ఉండదు.

మనం మాట్లాడుతున్నది ఆ రెండింటి మధ్య కాలం బండ్ల గురించి. 2000లో వచ్చిన క్వాలిస్, 2004లో వచ్చిన తవేరా, 2005లో వచ్చిన ఇన్నోవా, ఆ తరం బండ్లు. మన చేవెళ్ళ రోడ్డు మీద ఇప్పటికీ పెళ్ళిళ్ళకీ, గుళ్ళకీ, కాలేజీలకీ తిరుగుతున్నవి చాలావరకు ఇవే. వీటిలో పవర్ స్టీరింగ్ ఆయిల్‌తో నడుస్తుంది. దాన్నే హైడ్రాలిక్ అంటారు.

గుర్తుపట్టడం చాలా ఈజీ. బానెట్ ఎత్తండి. చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, మూత మీద స్టీరింగ్ చక్రం బొమ్మో, పవర్ స్టీరింగ్ అన్న మాటో ఉంటుంది. అది ఉంటే మీది హైడ్రాలిక్.

లోపల ఏం జరుగుతుంది?

రెండు నిమిషాల్లో చెప్తాను, ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

డబ్బాలో ఆయిల్ ఉంటుంది. డబ్బా నుంచి ఒక లావు రబ్బరు పైపు పంపుకి పోతుంది. పంపుని ఇంజనే తిప్పుతుంది. చాలా బండ్లలో బెల్టుతో, కొన్నింట్లో నేరుగా గేరుతో. ఈ పంపు ఆయిల్‌ని పీల్చుకుని, ఒత్తిడి పెంచి, గట్టి పైపులోంచి కింద ఉన్న స్టీరింగ్ ర్యాక్‌కి తోస్తుంది. మీరు స్టీరింగ్ ఎటు తిప్పితే ఆ వైపు ఆయిల్ నెట్టి సాయం చేస్తుంది. పని అయిపోయిన ఆయిల్ ఇంకో పైపులోంచి మళ్ళీ డబ్బాలోకి వస్తుంది. అంతే, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

ఒత్తిడి ఎంతో తెలుసా? కారు టైరులో గాలి 30 పీఎస్‌ఐ పైన ఉంటుంది కదా. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకుంటే ఈ ఆయిల్ ఒత్తిడి 1000 పీఎస్‌ఐ దాటిపోతుంది. అందుకే ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ గట్టి పైపు లీకుని వేలు పెట్టి వెతకొద్దు. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దిగిపోగలదు. వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఇది కొత్త టెక్నాలజీ కూడా కాదు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీర్ 1920లలోనే దీన్ని తయారుచేశాడు. అమ్మకానికి పెట్టిన కార్లలో మొదటిసారి వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. అప్పటినుంచి ఇప్పటిదాకా సూత్రం అదే. జబ్బులూ అవే.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోండి. డబ్బాకీ పంపుకీ మధ్య ఉన్న లావు పైపులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. మా కాక కథకి దీనితో పని ఉంది.

మొదటి పరీక్ష: ఇంజన్ ఆఫ్ చేసి వినండి

బండి సాపు నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజన్ ఆఫ్. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం తిప్పి ఉంచి, స్టీరింగ్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పండి. బరువుగా ఉంటుంది, మామూలే. ఇంకొకరు కింద టైరు దగ్గర చెవి పెట్టాలి.

ఇంజన్ ఆఫ్‌లో కూడా కిర్రుమనో, టక్కుమనో శబ్దం వస్తోందా? అయితే అది పంపు కాదు. పంపు తిరగడమే లేదు కదా! అది సస్పెన్షన్ బాల్ జాయింటో, టై రాడ్ ఎండో, స్ప్రింగ్ పైన ఉండే బేరింగో అయ్యుంటుంది. దానికి పంపు మారిస్తే డబ్బులు పోతాయి, శబ్దం పోదు.

ఇంజన్ ఆన్‌లో మాత్రమే వస్తోందా? అయితే ఆయిల్ వైపో, బెల్టు వైపో చూడాలి. ఒక్క నిమిషం పరీక్షతో అనుమానితుల లిస్టు సగానికి తగ్గింది.

ఐదు రకాల శబ్దాలు

ఒకటి, కీచు. పొద్దున్నే చలిలో స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పగానే "కీఁ..." అని అరిచి, కాసేపటికి తగ్గుతుంది. ఇది ఎక్కువగా బెల్టు. వదులైందో, అరిగి నున్నగా మెరుస్తోందో, దాని మీద ఆయిల్ పడిందో. ఇంజన్ ఆపి, టార్చ్ వేసి, పగుళ్ళు ఉన్నాయా చూడండి. ఇంజన్ నడుస్తుండగా బెల్టు దగ్గరికి చెయ్యి, చున్నీ, చేతి కడియం, ఇయర్‌ఫోన్ వైరు, ఏవీ పోనీయొద్దు. మీ బండిలో పంపుని తిప్పేది గేరు అయితే మాత్రం పంపుకి బెల్టే ఉండదు. అప్పుడు ఎవరైనా "స్టీరింగ్ బెల్టు మార్చాలి" అంటే ఎక్కడుందో చూపించమనండి.

రెండు, మూలుగు. "ఊఁ..." అని ఉండి, ఎక్సిలరేటర్ తొక్కితే గొంతు పెంచుతుంది, స్టీరింగ్ తిప్పితే ఇంకా పెంచుతుంది. ఇది ఆయిల్ తక్కువైనా వస్తుంది, ఆయిల్‌లో గాలి కలిసినా వస్తుంది, డబ్బా అడుగున ఉండే జల్లెడ మూసుకుపోయినా వస్తుంది, పంపు అరిగినా వస్తుంది. నాలుగు కారణాలు, ఒకటే శబ్దం. అందరూ మోసపోయేది ఇక్కడే.

మూడు, బుస. స్టీరింగ్ పూర్తిగా ఒక చివరికి తిప్పి పట్టుకుంటే "బుస్స్..." అంటుంది. చిలుకూరు పార్కింగ్‌లో ఇరుకు సందులో బండి తిప్పుతున్నప్పుడు ఇది వినే ఉంటారు. ఇది రోగం కాదు. ఒత్తిడి హద్దు దాటకుండా పంపు లోపలి వాల్వు తెరుచుకుని ఆయిల్‌ని వెనక్కి వదిలే శబ్దం. కానీ అలా ఐదు సెకన్ల కంటే ఎక్కువ పట్టుకోవద్దు, ఆయిల్ వేడెక్కిపోతుంది. చివరిదాకా తిప్పాక కొద్దిగా వెనక్కి వదలడం అలవాటు చేసుకోండి.

నాలుగు, టకటక. గుంతల్లో వస్తే టై రాడ్లు, బుష్‌లు, బాల్ జాయింట్లు. స్టీరింగ్ బాగా తిప్పి బండి కదులుతున్నప్పుడు మాత్రమే "టక్ టక్ టక్" అని లెక్కపెట్టినట్టు వస్తే, ముందు చక్రాలు లాగే బండి అయితే యాక్సిల్ జాయింట్. వెనక చక్రాలు లాగే బండికి ముందు ఆ జాయింట్లే ఉండవు, కాబట్టి ఆ పేరుతో బిల్లు వేస్తే ఒప్పుకోకండి.

ఐదు, గరగర. బండి స్పీడుతో పాటు పెరుగుతుంది, న్యూట్రల్‌లో నిలబెట్టి ఎక్సిలరేటర్ తొక్కితే మాత్రం రాదు. ఇది చక్రం బేరింగో, టైరో. పవర్ స్టీరింగ్‌కి దీనికి సంబంధం లేదు.

ఫోన్‌ని డాక్టర్ స్టెతస్కోప్‌లా వాడండి

మీ దగ్గర ఫోన్ ఉంది కదా, దానితో పని చేయిద్దాం. మెకానిక్ దగ్గరికి పోగానే శబ్దం మాయమైపోతుంది, మనం అబద్ధం చెప్పినట్టు అవుతుంది. అందుకే ముందే రికార్డు చేసుకోండి.

నాలుగు క్లిప్పులు చాలు, ఒక్కోటి 20 సెకన్లు. ఒకటి, పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు, స్టీరింగ్ ముట్టుకోకుండా. రెండు, అప్పుడే స్టీరింగ్ నెమ్మదిగా అటు చివరి నుంచి ఇటు చివరికి తిప్పుతూ. మూడు, అరగంట నడిపి ఇంజన్ వేడెక్కాక అదే పని. నాలుగు, స్టీరింగ్ నిటారుగా ఉంచి ఎక్సిలరేటర్ కొంచెం పెంచుతూ. క్లిప్పు మొదట్లోనే మీ గొంతుతో "చల్లగా ఉంది, ఎడమకి తిప్పుతున్నా" అని చెప్పండి. తర్వాత వినేటప్పుడు ఏది ఏదో తికమక ఉండదు.

ఇంకొకటి. చెయ్యి పట్టని చోట ఫోన్‌తో ఫ్లాష్ వేసి వీడియో తీయండి, ఇంజన్ ఆపాకనే. పంపు వెనకాల ఆయిల్ తడి, పైపు అడుగు వైపు పగులు, కంటికి కనబడనివి వీడియోలో కనబడతాయి.

డబ్బా మూత తీసి చూద్దాం

ఇప్పుడు కాక బండి దగ్గరికి వద్దాం. మా ఫోన్ క్లిప్పుల్లో తేలింది ఏంటంటే, ఇంజన్ ఆఫ్‌లో శబ్దం లేదు. కీచు లేదు. చల్లగా ఉన్నప్పుడు మూలుగు ఎక్కువ, వేడెక్కాక కొంచెం తక్కువ, ఇంజన్ వేగంతో పెరుగుతోంది. అంటే రెండో రకం. నాలుగు కారణాల్లో ఏది?

చౌకైన దాని నుంచి మొదలుపెట్టాలి. మొదట ఆయిల్ మట్టం. డబ్బా మీద గానీ, మూతకి ఉన్న పుల్ల మీద గానీ గీతలుంటాయి. చాలా బండ్లలో చల్లగా ఉన్నప్పటి గీత వేరు, వేడిగా ఉన్నప్పటి గీత వేరు. కాక బండిలో ఆయిల్ తక్కువ కాదు, గీత దాటి ఉంది! ఎందుకంటే మూలిగినప్పుడల్లా కాక కొంచెం కొంచెం పోస్తూనే ఉన్నాడు. ఇది పెట్రోల్ కాదు ఫ్రెండ్స్, కాలిపోయి ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు చూడకుండా పోస్తూ పోవడం చిల్లు బిందెలో నీళ్ళు పోయడమే.

రెండోది, రంగు. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేయండి. ఎర్రగానో, లేత రంగులోనో, లోపలికి కనబడేలా ఉంటే మంచిదే. నల్లగా, కాలిన వాసనతో ఉంటే మార్చే టైమ్ దాటిపోయింది. టిష్యూ మీద సన్నగా మెరిసే లోహపు పొడి కనబడితే మాత్రం లోపల పంపు నిజంగానే అరుగుతోంది.

మూడోది, నురగ. కాక బండి డబ్బాలో ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంది. అంటే గాలి కలుస్తోంది. డౌట్ ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మట్టం గుర్తు పెట్టుకోండి. ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. మట్టం 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పైకి లేస్తే లోపల గాలి ఉన్నట్టు. ఎందుకంటే ఒత్తిడిలో ఇమిడిపోయిన గాలి, ఒత్తిడి పోగానే ఉబ్బుతుంది.

మెకానిక్ తొందరపడింది ఎక్కడో ఇప్పుడు అర్థమైంది. డబ్బా చుట్టూ, పంపు మీదా ఆయిల్ జిడ్డు, దాని మీద దుమ్ము. చూడగానే పంపు కారుతోంది అనిపిస్తుంది. నిజానికి ఆ ఆయిల్ పంపులోంచి రాలేదు. నురగ పొంగి, గీత దాటి పోసిన ఆయిల్ మూత దగ్గర నుంచి పొర్లి కిందికి జారింది. పాలు పొంగి పొయ్యి మీద పడితే గిన్నెకి చిల్లు పడిందని అనుకోం కదా!

పగిలిన స్ట్రా

గాలి ఎక్కడి నుంచి వస్తోంది? బయటికి కారే లీకు అయితే కింద మరక పడుతుంది. ఇక్కడ నేల మీద చుక్క లేదు.

ఇందాక మనసులో పెట్టుకోమన్న మాట గుర్తు చేసుకోండి. డబ్బా నుంచి పంపుకి పోయే లావు పైపులో ఉండేది పీల్పు. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగి చూడండి. పగులులోంచి నీళ్ళు కారవు. గాలి లోపలికొచ్చి నోట్లో గురగురమంటుంది. ఈ పైపు కూడా అంతే. రబ్బరు పగిలినా, క్లిప్పు వదులైనా, లోపలి రబ్బరు రింగు గట్టిపడినా ఆయిల్ పెద్దగా బయటికి రాదు. గాలి లోపలికి పోతుంది. మరక లేని లీకు ఇది. అందుకే చాలామందికి దొరకదు.

చలిలో రబ్బరు బిగుసుకుపోయి సందు పెరుగుతుంది, ఆయిల్ చిక్కబడి పీల్చడం కష్టమవుతుంది. అందుకే పొద్దున ఎక్కువ మూలిగి, వేడెక్కాక తగ్గింది. మన క్లిప్పులు చెప్పింది కూడా అదే.

ఎలా పట్టుకున్నామో చూడండి. ఇంజన్ ఆపి, ఆ పైపు రెండు చివరల్లో క్లిప్పుల చుట్టూ అదే స్టీరింగ్ ఆయిల్‌ని బ్రష్‌తో బాగా పూశాం. తర్వాత స్టార్ట్ చేసి విన్నాం.

(ఇంజన్ స్టార్ట్. మూలుగు లేదు. కాక గొంతు: "అరే, బందైందిరా!" పది సెకన్ల తర్వాత మళ్ళీ మూలుగు.)

గాలి పోయే సందులో కాసేపు ఆయిల్ అడ్డం పడింది, శబ్దం ఆగింది. ఆ ఆయిల్ లోపలికి పోగానే మళ్ళీ మొదలైంది. దొంగ దొరికాడు. పంపు దగ్గర ఉన్న చివర, పైపు అడుగు వైపు వేలి గోరంత పగులు. పైనుంచి కనబడదు, ఫోన్ వీడియోలో కనబడింది.

కొత్త పైపు, రెండు కొత్త క్లిప్పులు, ఒక లీటరు ఆయిల్. అన్నీ కలిపి వందల్లోనే అయిపోయింది. పైపు కొనేటప్పుడు మాత్రం ఆయిల్‌కి తట్టుకునే రకమే అడగండి. రేడియేటర్ నీళ్ళ పైపు ముక్క కోసి తగిలిస్తే కొన్నాళ్ళకి ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఏ ఆయిల్ పోయాలి?

ఇది సరదా విషయం కాదు. చాలా జపాన్ కంపెనీల పాత బండ్లలో ఆటోమేటిక్ గేరుబాక్సులో వాడే ఏటీఎఫ్ అనే ఎర్ర ఆయిలే స్టీరింగ్‌కీ వాడతారు. కొన్ని బండ్లకి వాటి సొంత ఆయిల్ కావాలి. కొన్ని యూరప్ బండ్లకి ఆకుపచ్చ రంగుది కావాలి. మూత మీదో, బండి పుస్తకంలోనో ఏం రాసి ఉందో అదే పోయండి. రంగు చూసి పోయొద్దు.

బ్రేక్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా వద్దు. లోపలి రబ్బరు సీళ్ళని ఉబ్బించి పాడుచేస్తుంది. వందల్లో పోయేది నిజంగానే వేలల్లోకి పోతుంది.

గాలి బయటికి పంపడం

పైపు మార్చగానే మూలుగు ఆగిపోదు, లోపల ఇంకా గాలి ఉంటుంది. దాన్ని బయటికి పంపాలి. ముందు చక్రాలు నేల నుంచి లేపి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టాం. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి ఎవరూ దూరొద్దు. తర్వాత ఇంజన్ ఆఫ్‌లోనే స్టీరింగ్‌ని నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకి 20 సార్లు తిప్పాం. బుడగలు డబ్బాలోకి వస్తుంటాయి. మట్టం తగ్గితే పోస్తూ ఉండాలి. పంపు ఖాళీ కాకూడదు.

ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, ఎక్సిలరేటర్ తొక్కకుండా ఇంకో నాలుగైదు సార్లు తిప్పాం. నురగ కనబడితే ఇంజన్ ఆపి ఒక గంట వదిలేయండి, బుడగలు వాటంతట అవే పైకి తేలతాయి. తొందరపడి ఇంజన్ రేజ్ చేస్తే ఉన్న గాలిని మళ్ళీ చిలికినట్టే.

నిజంగా పంపు పోతే ఎలా తెలుస్తుంది?

పంపు ఎప్పుడూ పోదని నేను అనడం లేదు. ఆయిల్ సరైన మట్టంలో ఉంది, నురగ లేదు, జల్లెడ శుభ్రంగా ఉంది, బెల్టు బాగుంది, పీల్చే పైపు బాగుంది. అయినా మూలుగు అలాగే ఉంది, స్టీరింగ్ బరువెక్కింది, ఆయిల్‌లో లోహపు పొడి ఉంది. అప్పుడు పంపే. అప్పుడు ఖర్చు పెట్టాల్సిందే. కొత్త పంపు వేసే ముందు పాత ఆయిల్ మొత్తం తీసేసి, దారి అంతా కడగమని చెప్పండి. లేకపోతే పాత పంపు పొడి కొత్త పంపుని తినేస్తుంది.

ఇంకో సంగతి. చిన్న లీకే కదా అని నెలల తరబడి మూలుగుతూ నడిపితే, ఆ గాలి బుడగలు పంపు లోపల పగిలి లోహాన్ని కొరుకుతాయి. ఇంకో రెండు నెలలు ఇలాగే తిప్పి ఉంటే, ఆ మెకానిక్ చెప్పిన 18 వేల మాట నిజమయ్యేది.

దారిలో స్టీరింగ్ బరువెక్కిపోతే

డబ్బు సంగతి పక్కన పెడదాం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్ల రోడ్డు మీకు తెలుసు. రెండు పక్కలా వందల మర్రిచెట్లు, చాలా చోట్ల ఇరుకు, ఎదురుగా లారీలు, టిప్పర్లు. తెల్లారుజామున నాలుగింటికి పూల మూటలతో ఆ రోడ్డు మీద పోతుంటే బెల్టు తెగిందనుకోండి. ఏం జరుగుతుంది?

స్టీరింగ్ జామ్ అవ్వదు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి. ఆయిల్ సాయం మాత్రమే పోతుంది. స్టీరింగ్ చక్రానికీ టైర్లకీ మధ్య ఇనుప కడ్డీల సంబంధం అలాగే ఉంటుంది. కాబట్టి కంగారుపడి చేతులు వదలొద్దు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎక్సిలరేటర్ వదిలి, మెల్లగా బ్రేక్ వేస్తూ, హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీయండి. స్పీడు తగ్గే కొద్దీ స్టీరింగ్ ఇంకా బరువవుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. బండి ఆగేదాకా తాళం తీయొద్దు. తాళం తీస్తే స్టీరింగ్ నిజంగానే లాక్ పడుతుంది.

చాలా బండ్లలో ఆ ఒక్క బెల్టే బ్యాటరీ ఛార్జింగ్‌కీ, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళ పంపుకీ పనిచేస్తుంది. స్టీరింగ్ బరువెక్కడంతో పాటు బ్యాటరీ లైటు వెలిగితే "ఇంటిదాకా ఎట్లనో పోనిద్దాం" అనుకోవద్దు. ఇంజన్ వేడెక్కి సీజ్ అవుతుంది.

ఈ మూడు కనబడితే బండి అస్సలు తీయొద్దు. కింద ఆయిల్ మడుగు కట్టడం. బానెట్‌లోంచి కాలిన వాసన లేదా పొగ, ఎందుకంటే ఈ ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే అంటుకోగలదు. స్టీరింగ్ ఒకసారి తేలిగ్గా, ఒకసారి బరువుగా తిరగడం.

మెకానిక్‌తో ఎలా మాట్లాడాలి?

మెకానిక్‌లు అందరూ మోసం చేస్తారని ఈ ఎపిసోడ్ చేయలేదు. మన కాలేజీ చదువుల కంటే ఎక్కువ వాళ్ళ చేతుల్లో ఉంటుంది. కానీ పొద్దుటి నుంచి పది బండ్లు లైన్లో ఉన్నప్పుడు, "శబ్దం వస్తుందన్నా, చూడు" అంటే వాళ్ళు కూడా అంచనా మీదే చెప్తారు. అదే మీరు పోయి, "ఉస్తాద్, ఇంజన్ ఆఫ్‌లో రావడం లేదు. చలిలో ఎక్కువ, రేజ్‌తో పెరుగుతుంది. ఆయిల్‌లో నురగ ఉంది, కింద మరక లేదు. పీల్చే పైపు ఒకసారి చూస్తావా?" అని చెప్పి, ఫోన్‌లో క్లిప్పు వినిపించండి. ఆయన కూడా మీతో వేరేగా మాట్లాడతాడు. టైమ్ ఆయనకీ మిగులుతుంది, డబ్బు మీకూ మిగులుతుంది. మార్చిన పాత పార్టు ఏదైనా సరే, చేతికి ఇమ్మని అడగండి. అది మీదే.

ఇదే సంగతి కాక ఆ మెకానిక్‌కి పోయి చెప్పిండు, పాత పైపు కూడా చూపించిండు. ఆయన పగులు చూసి నవ్వి, "ఈసారి నేను గూడ ముందు ఇదే చూస్త అన్నా" అన్నాడట. మంచి మాట కదా.

సరే, చివరగా ఒక్కసారి వినండి.

(ఇంజన్ స్టార్ట్. స్టీరింగ్ అటూ ఇటూ తిరుగుతోంది. ఇంజన్ శబ్దం తప్ప ఏమీ లేదు. కోడి కూసింది.)

మూలుగు పోయింది, కోడి మిగిలింది. రేపు పొద్దున నాలుగింటికి కాక మళ్ళీ గుడిమల్కాపూర్ పోతాడు. మీ ఇంట్లో నాన్నదో, మామదో ఇలాంటి పాత బండి ఉంటే, ఈ ఆదివారం బానెట్ ఎత్తి డబ్బా మూత తీసి చూడండి. ముందు ఒక్కటే అడగండి: శబ్దం ఎప్పుడొస్తుంది?

వచ్చే ఎపిసోడ్‌లో బ్రేకుల కీచు గురించి మాట్లాడుకుందాం. జాగ్రత్తగా నడపండి. నమస్తే.